మూడూ పదికి డాబా మీద

నూకరత్నం ఫోను చేసినప్పుడు నేను కాఫీ తాగుతూ, పేపర్లో నా గురించి పడిన వార్తను రెండోసారి చదువుకుంటున్నాను. పక్కన నా ఫొటో కూడా వేశారు. అందుకని ఆవిడ చెప్పినదాంట్లో సగమే చెవికెక్కింది.

"డాక్టరు గారండీ, మా ఆయన మళ్ళీ ఎక్కాడండీ."

"ఎక్కడికమ్మా?"

"ఐసు ఫ్యాక్టరీ మీదకండీ. రోజూ మద్దేనం మూడయ్యేతలికి ఎక్కేత్తన్నాడు. అంచున నిలబడతాడు. పిలిత్తే పలకడు. కాసేపుండి దిగొచ్చేత్తాడు. ఏటయ్యా అంటే, 'నాకేం, బానే ఉన్నాను' అంటాడండీ."

"నిద్ర తగ్గిందా? మాటలు ఎక్కువయ్యాయా? కోపం?"

"ఏటీ లేదండీ. బంగారంలాగ ఉంటన్నాడు. అదేనండీ నా బయ్యం."

గాలి కోసం ఎక్కుతున్నాడేమోలెమ్మన్నాను. వచ్చే వారం తీసుకురమ్మని చెప్పి ఫోను పెట్టేశాను. ముప్పై ఏళ్లు మనసుల వైద్యం చేసినవాడు ఒక భార్య భయాన్ని అలా పక్కన పెట్టేశాడంటే మీరు నమ్మరు. నమ్మండి. పేపర్లో ఫొటో పడితే మనిషికి అంతే అవుతుంది.

ఆవిడ భర్త గంగరాజు కాకినాడ రేవులో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. అతనికి బైపోలార్ జబ్బు. మనసు కొన్నాళ్లు ఆకాశంలో ఉరుకుతుంది, కొన్నాళ్లు పాతాళంలో పడి ఉంటుంది. ఉరికిన రోజుల్లో ఎనిమిది రోజులు కన్ను మూయకుండా, ఎవరూ అడక్కుండానే పదకొండు పడవల ఇంజన్లు విప్పి ఇసకలో వరసగా పేర్చాడు. పడిపోయిన రోజుల్లో దీపావళి నుంచి శివరాత్రి దాకా గోడవైపు తిరిగి పడుకున్నాడు. లిథియం మాత్రలు బాగానే పనిచేశాయి కానీ అతని కిడ్నీలకు పడలేదు. ఇలాంటివాళ్లు, మందులు పడనివాళ్లు, పడినా పనిచేయనివాళ్లు నా దగ్గర నలభై ఒక్క మంది ఉన్నారు. కొందరిది గంగరాజు జబ్బు, మిగతావాళ్లది డిప్రెషన్. వాళ్ల కోసమే నేను శ్రుతి బిళ్ల చేశాను.

నేను చేశానని అనేస్తున్నాను కానీ, చేతులతో చేసింది ఫర్హీన్. జగన్నాథపురం అమ్మాయి, వైద్య పరికరాల ఇంజనీరు. ఇరవై రెండేళ్లుగా వెంటాడిన ఆలోచన నాది. పాటగాడి వెనక తంబూరా మోగుతుంటుంది కదా, గొంతు పక్కకు పోయినా అది పట్టి వెనక్కి తెస్తుంది. అలాగే నిలకడగా ఉన్న ఒక మనిషి మనసు లయని పట్టి, నిలకడ లేని మనిషికి పక్కన మోగిస్తే? చెవి వెనక అంటించే రూపాయంత బిళ్ల అది. ఒక బిళ్ల ఆ నిలకడైన మనిషి మెదడు నుంచి, నాడి నుంచి, నిద్ర నుంచి లయని తీసుకుంటుంది. మిగతా బిళ్లలు దాన్ని సెల్‌ఫోను ద్వారా అందుకుని, చాలా చిన్న కరెంటుతో రోగి మెదడుకి వినిపిస్తుంటాయి.

మొదటి ఏడాది లయని రికార్డు చేసి వినిపించాం. తొమ్మిది రోజులు అద్భుతంగా నడిచింది. పదో రోజు నుంచి మెదడు దాన్ని పట్టించుకోవడం మానేసింది, ఫ్యాను చప్పుడు కొన్నాళ్లకి వినపడనట్టు. ఒక రోగికి ఉన్నట్టుండి బిళ్ల ఆపేశాం. గంటలోపే అతను కుప్పకూలాడు, రెండు నెలలు ఆసుపత్రిలో ఉంచి మనిషిని చేసుకోవాల్సి వచ్చింది. అప్పుడు మాకు రెండు సంగతులు తెలిశాయి. లయ రికార్డు చేసింది పనికిరాదు, బతికి ఉన్న మనిషి నుంచి ఎప్పటికప్పుడు రావాలి. ఇంకొకటి, ఆపితే ఒక్కసారిగా ఆపకూడదు, రెండు వారాల పాటు కొంచెం కొంచెంగా తగ్గించాలి.

మరి రాత్రింబవళ్లు ఏళ్ల తరబడి చెవి వెనక బిళ్ల పెట్టుకుని తిరిగే నిలకడైన మనిషి ఎవరు? నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మా మాణిక్యం వదిన.

మా అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు. అదే ఏడు వదిన పదిహేడేళ్ల పెళ్లికూతురిగా మా ఇంటికి వచ్చింది. నాకు అన్నం పెట్టింది, పరీక్షలప్పుడు తెల్లవారుజామున లేపింది, మెడిసిన్‌లో సీటు వస్తే వీధంతా పంచదార పంచింది. ఈ యాభై ఏళ్లలో ఆవిడ గొంతు పైకి లేవగా నేను వినలేదు. కళ్లు చెమర్చగా చూడలేదు. మా బంధువుల్లో ఎవరింట్లో గొడవలైనా "మాణిక్యాన్ని చూసి నేర్చుకోండి" అంటారు. నాకు అంతకంటే మంచి కొలబద్ద ఎక్కడ దొరుకుతుంది?

రూలు ప్రకారం ముందు ఆవిడకు ఇరవై ఒక్క ప్రశ్నల పత్రం పెట్టి డిప్రెషన్ లేదని తేల్చాలి. ఒక ఆదివారం భోజనానికి వెళ్లినప్పుడు ఆ పని పెట్టుకున్నాను. నేను, అన్నయ్య టేబుల్ దగ్గర కూర్చున్నాం. వదిన వంటింట్లోకీ టేబుల్ దగ్గరికీ తిరుగుతూ వడ్డిస్తోంది. నేను కంచం పక్కన కాయితం పెట్టుకుని ఒక్కో ప్రశ్నా చదివాను.

"రాత్రి నిద్ర ఎలా పడుతుంది?"

"మీ వదినకేంట్రా, దిండు మీద తల పెడితే చాలు," అన్నాడు అన్నయ్య.

"ఆకలి?"

"అందరం తిన్నాక సుబ్బరంగా తింటుంది."

"ఏడుపు వస్తుంటుందా?"

అన్నయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. సున్నా కింద టిక్కు పెట్టాను. ఇరవై ఒక్క ప్రశ్నలూ అలాగే అయిపోయాయి. చివర సంతకం కావాలంటే వదిన కొంగుకి చెయ్యి తుడుచుకుని పెట్టింది. తడి సరిగా ఆరక కాయితం మీద పేరు కాస్త అలికినట్టయింది.

"నువ్వు చెప్తే కాదంటానా బాబూ. పెట్టుకుంటాలే. ఇంకాస్త చారు పొయ్యనా?"

మొత్తం స్కోరు సున్నా. ఫర్హీన్ ఆ కాయితాన్ని ఫైల్లో పెడుతూ, "సార్, మనుషులకి సున్నా వస్తుందా?" అంది. "మా వదినకి వస్తుంది," అన్నాను గర్వంగా.

రెండేళ్లు గడిచాయి. నలభై ఒక్క మందీ బాగుపడ్డారు. మామూలుగా బాగుపడడం కాదు, వాళ్ల ఇళ్లవాళ్లు నాకు దణ్ణాలు పెట్టేవాళ్లు. గంగరాజు రోజూ రేవుకి వెళ్లి వస్తున్నాడు. ఇంటికొచ్చి బట్టలు మడతపెడుతున్నాడు. పిఠాపురంలో ఒక రైల్వే గార్డు, అంతకుముందు పళ్లాలు విసిరేసేవాడు, ఇప్పుడు అందరూ తిన్నాక వంటింట్లో నిలబడి మిగిలింది తింటున్నాడట. సామర్లకోటలో ఝాన్సీ అనే టీచరు నెలలో పది రోజులు మంచం దిగేది కాదు. ఇప్పుడు ఒంట్లో జ్వరం ఉన్నా బడి మానడం లేదు. "మా అత్తయ్య దేవతైపోయింది సార్," అంది వాళ్ల కోడలు. చేప ముక్కల్లో పెద్దది పక్కవాళ్లకు వేసి తోక తాము తీసుకునేవాళ్లు నలభై ఒక్క మంది. ఎవరింట్లోనైనా ఇంతకంటే ఏం కావాలి? ఎవరు మాత్రం ఫిర్యాదు చేస్తారు?

ఫిర్యాదు చేసింది ఫర్హీన్ ఒక్కతే.

"సార్, ఈ నెల అందరికీ సున్నా వచ్చింది."

"శుభం."

"నాకే నాలుగు వస్తుంది సార్. మా చెల్లెలితో పోట్లాడిన రోజు ఏడు వచ్చింది. వీళ్లు ఏమడిగినా ఒకే మాట అంటున్నారు. 'నాకేం, బాగానే ఉన్నాను.' మాట మారడం లేదు. గొంతు కూడా ఒకేలా ఉంటోంది. నిన్న వాళ్ల మాటల టేపులు వరసగా వింటుంటే నాకు భయమేసింది."

"జబ్బు తగ్గినా నీకు భయమేనా?" అని విసుక్కున్నాను. ఆ వారమే బెంగళూరులో మానసిక వైద్యుల మహాసభ ఉంది. సున్నాల గ్రాఫు తెర మీద పడగానే హాలంతా లేచి నిలబడింది. తిరిగి వచ్చిన మర్నాడే పేపర్లో నా ఫొటో, నూకరత్నం ఫోను.

మూడు రోజుల తర్వాత, రెండున్నర వేళ ఫర్హీన్ నా గదిలోకి తలుపు కొట్టకుండా వచ్చింది. అలా ఎప్పుడూ రాదు. నేను చెప్పకపోయినా నూకరత్నం ఆ అమ్మాయికి కూడా ఫోను చేసిందట. గాలి కోసం ఎక్కుతున్నాడన్న నా మాటను ఫర్హీన్ నమ్మలేదు.

"ఇటు రండి సార్. గోడ మీద చూడండి."

గోడ మీది తెరలో మా జిల్లా మ్యాపు, దాని మీద నలభై ఒక్క చుక్కలు. ఫోనుల్లో నేల నుంచి ఎంత ఎత్తున ఉన్నామో చెప్పే సాధనం ఉంటుంది. ఆ అమ్మాయి ఆ అంకెలన్నీ పోగుచేసింది.

"ఇది నిన్న మధ్యాహ్నం. మూడూ తొమ్మిది. చూస్తూ ఉండండి."

మూడూ పదికి నలభై ఒక్క చుక్కలూ పైకి లేచాయి. అన్నీ కలిసి. గంగరాజు ఐసు ఫ్యాక్టరీ మీద. ఝాన్సీ టీచరు బడి మూడో అంతస్తు మీద. రైల్వే గార్డు పాదచారుల వంతెన మీద. యానాం దగ్గర తాటాకు ఇంట్లో ఉండే ఒకాయన డాబా లేక కాలవ వంతెన ఎక్కాడు. తాళ్లరేవులో ఒక పెద్దావిడ మోకాళ్ల నొప్పులతో మంచం దిగడమే కష్టం, ఆవిడ వాటర్ ట్యాంకు మెట్లు ఎక్కింది. పట్టపగలు, ఎండ మండిపోతుంటే.

"నెల కిందట ఒక నిమిషం ఉండేవాళ్లు. తర్వాత నాలుగు. నిన్న పంతొమ్మిది. ఇంకొకటి సార్, నిద్ర లెక్కకని బిళ్లలో ఒళ్లు ఎటు వాలుతోందో చెప్పే ముక్క పెట్టాం కదా. రోజూ కొంచెం ముందుకి వాలుతున్నారు. అందరూ ఒకేలా వాలుతున్నారు. ఈ లెక్కన ఇవాళో రేపో..."

నేను తెర దగ్గరికి వెళ్లాను. "ముందు ఎవరు ఎక్కుతున్నారు? ఒకరు మొదలుపెడితే మిగతావాళ్లు..."

"మొదట ఎక్కేది వీళ్లెవరూ కాదు. వీళ్లందరికంటే రెండు సెకన్ల ముందు ఇంకో గీత లేస్తోంది." ఆ అమ్మాయి తెర మీద నలభై రెండో గీత తెరిచింది.

"ఎవరిదిది?"

"మీకు తెలుసు సార్."

రెండేళ్లలో నేను ఆ గీతను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. రోగుల గీతలు రోజూ చూసేవాణ్ణి. అవి ఆ గీతకు ఎంత దగ్గరగా వస్తే అంత సంబరపడేవాణ్ణి. ఆ గీత ఎటు పోతోందో చూడాలని నాకెందుకు తట్టలేదంటే, తూకం రాయిని ఎవరూ తూచరు కాబట్టి.

"ఆపేద్దాం సార్. ఇప్పుడే," అంది ఫర్హీన్.

"ఒక్కసారిగా ఆపితే గంటలో కూలిపోతారు. నలభై ఒక్క మందీ."

గడియారం రెండూ ముప్పై ఎనిమిది చూపిస్తోంది. నలభై ఒక్క ఇళ్లకీ ఫోన్లు చెయ్యమన్నాను. అరవొద్దు, లాగొద్దు, ఎవరో ఒకరు వెళ్లి పక్కన నిలబడి చెయ్యి పట్టుకోండి, అంతే అని చెప్పమన్నాను. నేను స్కూటరు తీశాను. మా అన్నయ్య ఇల్లు గాంధీనగరంలో. దారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. ఆ పెట్టెలు లెక్కపెడుతూ నిలబడ్డవాడికి తెలుస్తుంది నిమిషమంటే ఏమిటో.

వెళ్లేసరికి మూడూ పన్నెండు. అన్నయ్య టీవీ పెట్టుకుని పడక్కుర్చీలో కునుకు తీస్తున్నాడు.

"వదినేది?"

"మీ వదినా? పైన బట్టలు తీస్తోంది. ఏంట్రా ఈ వేళప్పుడు?"

రెండంతస్తుల మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. డాబా మీద దండెం ఖాళీగా ఉంది. బట్టలు ఎప్పుడో తీసేసినట్టున్నారు. వీధివైపు పిట్టగోడ ఉంది కానీ పెరటివైపు కట్టలేదు. ఎప్పుడో పై అంతస్తు వేద్దామని ఇనుప చువ్వలు వదిలేసి ఊరుకున్నారు. ఆ చువ్వల మధ్య వదిన నిలబడి ఉంది. చేతులు కిందికి వదిలేసింది. ముఖంలో బాధ లేదు, ఏమీ లేదు. నేను డిప్రెషన్ రోగుల ముఖాలు కొన్ని వేలు చూశాను. ఈ ముఖాన్ని యాభై ఏళ్లుగా చూస్తూ నిలకడ అనుకున్నాను.

"వదినా," అన్నాను.

ఆవిడ తల తిప్పింది. "ఏం బాబూ, ఇప్పుడొచ్చావు? భోంచేశావా?"

"చేశాను. నువ్వు ఇటు రా."

"వస్తాలే. నువ్వు కిందకి పద, కాఫీ పెడతాను."

కదల్లేదు. ఆ సమయంలో ఎక్కడెక్కడో నలభై ఒక్క మంది కూడా కదలకుండా నిలబడి ఉన్నారు. నోటిదాకా వచ్చింది ఆ మాట. 'వదినా, నీ మీద నలభై ఒక్క ప్రాణాలున్నాయి, దిగు' అంటే చాలు, తక్షణం దిగుతుంది. కాఫీ పెడుతుంది. రేపటి నుంచి డాబా కూడా ఎక్కదు, ఎవరికి ఇబ్బందోనని. ఆవిడ చేత జీవితమంతా పనులు చేయించింది ఆ రకం మాటలే. నేను ఆ మాటను మింగేశాను. ఇంత చదువు చదివి, చివరికి పిల్లాడిలా అడిగాను.

"నీకు ఎలా ఉంది వదినా?"

"నాకేం, బాగానే ఉన్నాను."

"రాత్రి నిద్ర పడుతోందా?"

ఆవిడ చిన్నగా నవ్వింది. "ఆవేళ నువ్వూ మీ అన్నయ్యా కలిసి రాసేశారుగా."

"విన్నావా?"

"వినపడదా? తిరగమోత పెడుతున్నాను, చెవులు మూసుకోలేదు కదా. దిండు మీద తల పెడితే చాలు అన్నారు ఆయన. ఆయనకెలా తెలుస్తుంది బాబూ, ఆయన నిద్రపోతుంటారు కదా. నాకు నిద్రపట్టి పదకొండేళ్లైంది."

నేను నేల మీద కూర్చున్నాను. "ఇక్కడికెందుకు వస్తున్నావు?"

"ఇక్కడ ఎవరూ పిలవరు. ముందర అంతకోసమే వచ్చేదాన్ని. ఈమధ్య ఈ అంచున నిలబడితే అంతా ఆగిపోయినట్టుంటుంది. దిగబుద్ధి కావడం లేదు." వంటకి ఏం కూర చేయాలో చెప్తున్నంత మామూలుగా చెప్పింది.

"నేనెప్పుడూ అడగలేదు," అన్నాను.

"లేదు."

"ఇప్పుడు అడుగుతున్నాను. చెప్పు. ఎంతసేపైనా ఉంటాను. నాకు కాఫీ వద్దు."

వదిన నావైపు చూసింది. చూస్తుండగా ఆ ముఖం కదిలింది. ముందు కోపం వచ్చింది. "ఇన్నాళ్లకి అడిగావా?" అంది. మళ్లీ గట్టిగా అంది. పక్కింటి డాబా మీద బట్టలు ఆరేసుకుంటున్న ఆవిడ ఇటు తిరిగి చూసేంత గట్టిగా. ఒక్కో అడుగే వెనక్కి వేసి, నా పక్కన గచ్చు మీద కూలబడి ఏడ్చింది. ఆవిడకు ఏడవడం అలవాటు లేదు, ఊపిరి అందక దగ్గింది. నేను వీపు నిమురుతూ కూర్చున్నాను. చెప్పింది. పుట్టకుండానే పోయిన ఇద్దరు పిల్లల గురించి చెప్పింది. తన తండ్రి చావుకి తనను ఆలస్యంగా పంపిన సంగతి చెప్పింది. ఆ రోజు నాకు పరీక్ష ఉందట, క్యారేజీ కట్టి వెళ్లమన్నారట. నాకు ఆ పరీక్ష గుర్తుంది. ఆ చావు గుర్తులేదు.

నాలుగు దాటాక ఫర్హీన్ ఫోను చేసింది.

"సార్, అందరూ దిగారు. అందరూ బాగానే ఉన్నారు. కానీ ముందు నిలబడ్డచోటే కూర్చుని ఏడ్చారు. పిఠాపురం గార్డుగారు, ఝాన్సీ టీచరు, మీ గంగరాజు, అందరూ ఏడుస్తూ పక్కనున్నవాళ్లని ఒకే మాటన్నారట. 'ఇన్నాళ్లకి అడిగావా' అని. పక్కనున్నవాళ్లు అసలు ఏమీ అడగలేదు సార్. మనం లయ పంపిస్తున్నాం కదా, మాటలెలా వెళ్లాయి?"

ఫోను జేబులో పెట్టి మళ్లీ వదిన పక్కన కూర్చున్నాను.

మర్నాడు పొద్దున రాజమండ్రి నుంచి డాక్టర్ వసుంధర వచ్చింది. మా కుటుంబంతో ఏ సంబంధమూ లేని మనిషి కావాలని నేనే పిలిపించాను. తలుపు వేసుకుని వదినతో రెండు గంటలు మాట్లాడి, మందులు మొదలుపెట్టింది. మా పరిశోధనకు అనుమతిచ్చిన కమిటీకి జరిగిందంతా రాసి పంపాను. సాయంత్రానికల్లా పరిశోధన ఆపేయమని ఉత్తర్వు వచ్చింది. నా ఇరవై రెండేళ్ల పని నాలుగు లైన్లలో ముగిసింది. ఆ బాధ పడడానికి కూడా తీరిక లేదు. రెండు వారాలు కొంచెం కొంచెంగా తగ్గిస్తేనే ఆ నలభై ఒక్క మందీ బతికి బయటపడతారు. ఆ రెండు వారాలూ ఎవరో ఒకరి లయ వాళ్లకు అందాలి.

మళ్లీ వదిన దగ్గరికే వెళ్లాను. అలవాటు మనిషిని ఎంత నీచుణ్ణి చేస్తుందో చూడండి. అన్నయ్య ముందే అంతా చెప్పాను. వదిన గంగరాజు గురించి, ఝాన్సీ టీచరు గురించి శ్రద్ధగా అడిగింది. "పాపం," అంది. చెయ్యి చెవి వెనక్కి వెళ్లింది. బిళ్ల తీసి టేబుల్ మీద పెట్టింది.

"వద్దు బాబూ. నేను పెట్టుకోను."

అన్నయ్య కుర్చీలో ముందుకి వంగాడు. "అదేంటి మాణిక్యం? నలభై మంది ప్రాణాలు! రెండు వారాలే కదా."

"మీరు పెట్టుకోండి."

"నాకు బీపీ ఉంది," అన్నాడు అన్నయ్య. వదిన లేచి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ ఇంట్లో ఆవిడ 'వద్దు' అనగా వినడం నాకదే మొదటిసారి. ఒక డాక్టరుగా అది జబ్బు తగ్గుతున్న గుర్తని నాకు తెలుసు. ఆ నలభై ఒక్క మందీ గుర్తొచ్చి గడియారం చూశాను.

బిళ్ల తీశాక ఒక పూట దాకా ఫోనుల్లో నిల్వ ఉన్న పాత లయ నడుస్తుంది. ఆలోగా ఇంకొకరు కావాలి. తాను పెట్టుకుంటానంది ఫర్హీన్. ఒప్పుకోలేదు. ఇంకో ఆడపిల్ల మీద ఆ బరువు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఇరవై ఒక్క ప్రశ్నల కాయితం తీసుకుని గదిలో ఒంటరిగా కూర్చుని, ఎవరూ పక్కనుంచి జవాబులు చెప్పకుండా నింపాను. పదకొండు వచ్చింది. మంచి స్కోరేమీ కాదు. కానీ అబద్ధం చెప్పని పదకొండు. స్పిరిటుతో బిళ్ల తుడిచి నా చెవి వెనక అంటించుకున్నాను. చల్లగా తగిలింది, అంతే.

ఆ రాత్రి గడిచింది. మర్నాడు మూడూ పదికి ఫర్హీన్, నేనూ తెర ముందు కూర్చున్నాం. ఏ చుక్కా పైకి లేవలేదు. ఆ అమ్మాయి "అల్హందులిల్లా" అని కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాతి రోజు పొద్దున ఎనిమిదికి ఫోన్లు మొదలయ్యాయి. మొదట పిఠాపురం. "సార్, మా నాన్న తెల్లారిలేచి మా అమ్మ కాళ్లు పట్టుకున్నాడు. లేవడం లేదు." తర్వాత సామర్లకోట. ఝాన్సీ టీచరు కోడలి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఏడుస్తోందట. కోడలు బెదిరిపోయి పుట్టింటికి ఫోను చేసిందట. యానాం, తాళ్లరేవు, తుని. తొమ్మిదింటికల్లా ఫర్హీన్ లెక్క రాయడం మానేసింది. కారణం లేకుండా తప్పు చేశానని కుమిలిపోవడం డిప్రెషన్ లక్షణమని నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. వీళ్లది ఆ లక్షణం కాదు. కారణం ఉంది. ఆ కారణం వాళ్లది కాదు, అంతే.

అందరికంటే చివర నూకరత్నం చేసింది.

"డాక్టరు గారండీ, మా ఆయన పొద్దున్నుంచీ అందరి కాళ్లూ అట్టుకుంటన్నాడండీ. ఆళ్లమ్మ కాళ్లట్టుకున్నాడు, ఆళ్లొదిన కాళ్లట్టుకున్నాడు, నా కాళ్లూ అట్టుకున్నాడు. 'నానడగలేదు, నానడగలేదు' అని ఒకటే ఏడుపు. ఏటడగలేదయ్యా అంటే సెప్పడు. ఏం తప్పు సేశాడండీ మా ఆయన?"

ఈసారి ఆవిడ మాట ప్రతిదీ విన్నాను.

"ఆయనేం తప్పూ చేయలేదమ్మా," అన్నాను. "తప్పు చేసింది నేను. నా మనసులో ఉన్నదే ఆయనకి వినపడుతోంది. రెండు వారాల్లో తగ్గిపోతుంది."

అటువైపు రేవులో ఏదో ఇంజను చప్పుడు వినిపించింది.

"అలాగాండీ," అంది నూకరత్నం. "మరి తమరెవరి కాళ్లట్టుకున్నారండీ?"